రెండు వేళ్ళ సందు

ఎడారి అంచున, బిదియా ఊరి దగ్గర తారు రోడ్డు సుబైత్ ఇంటి ముందు ఆగిపోతుంది. అక్కడి నుంచి ఇసుక. ఎటు పోవాలనిపిస్తే అటే దారి.

ఇంటి ముందు ఒక గాఫ్ చెట్టు. దాని నీడలో ఒక గొయ్యి. గొయ్యి పక్కనే, బండి వెడల్పంత దూరంలో, సగం పాతిన సిమెంటు తూము. కొత్తగా చూసినవాళ్ళు, పాపం ఏదో కట్టబోయి మధ్యలో ఆపేశారనుకుంటారు. కాదు. అది సుబైత్ కచేరీ. ఎత్తు పెంచిన ఏ బండీ ఆ కచేరీలో హాజరు వేయించుకోకుండా ఇసుకలోకి దిగదు.

ఇసుకలో తిరిగేవాళ్ళకి కంపెనీ ఇచ్చిన ఎత్తు చాలదు. కంపెనీ ఇచ్చిన టైర్లు చాలవు. కమాన్ పట్టీల దగ్గర దిమ్మలు పెట్టి బండిని జానెడు లేపుతారు. పెద్ద టైర్లు ఎక్కిస్తారు. మడ్‌గార్డు అంచులు కోసేస్తారు. చదును నేల మీద నిలబెట్టి చూస్తే బండి పెళ్ళికొడుకులా ఉంటుంది. ఇసుక తిన్నె దాటేటప్పుడు ఒక చక్రం ఎగిరి లోపలికి పోతుందే, అప్పుడు బయటపడుతుంది అసలు సంగతి. టైరు మడ్‌గార్డుకి తగులుతుంది. నాలుగుసార్లు తగిలితే చీలుతుంది. చీలిన చోట మనుషులుండరు, నీళ్ళుండవు.

ఆ బయటపడేదేదో తన ఇంటి ముందే బయటపడాలని సుబైత్ పద్ధతి.

అందుకు అతని దగ్గర ఉన్న పనిముట్లు మూడు. గొయ్యి, తూము, ఖర్జూరం. మొదట అన్ని టైర్లలో గాలి సగానికి దించుతాడు, ఇసుకలో అలాగే నడుపుతారు గనక. గాలి తగ్గితే టైరు పొట్ట ఉబ్బుతుంది, సందు తగ్గుతుంది. తర్వాత గింజ తీసిన ఫర్ద్ రకం ఖర్జూరాలు పిసికి, ముద్దలు చేసి, మడ్‌గార్డు లోపల నాలుగు చోట్ల అంటిస్తాడు. ఒక చక్రం తూము ఎక్కుతుంది. దాని జత చక్రం గోతిలోకి వేలాడుతుంది. స్టీరింగు ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పిస్తాడు. ఆపైన వెల్లకిలా కిందకి దూరి, ఆ ముద్దలు ఎంత నలిగాయో చూపుడు వేలూ మధ్య వేలూ జతచేసి కొలుస్తాడు. రెండు వేళ్ళు మిగలాలి. ఒకటిన్నర అయితే కుదరదు.

మైనం పెట్టొచ్చు కదా అని అడిగినవాళ్ళున్నారు. మైనం ఎండకి కారిపోతుంది. మట్టి ఎండి రాలిపోతుంది. ఫర్ద్ ఖర్జూరం ఒకసారి పట్టుకుందంటే వదలదు. పైగా పని అయ్యాక మేకలు వచ్చి బండి అడుగంతా శుభ్రం చేసి పోతాయి.

బండి నెగ్గితే సుబైత్ బానెట్ మీద రెండు దెబ్బలు వేస్తాడు. అంతే, ఇక పోవచ్చు. నెగ్గకపోతే, "చెప్పులు విప్పి కూర్చో" అంటాడు. ఆ మాట వింటే షేకుల కొడుకులకి కూడా మొహం మాడిపోతుంది. ఎందుకంటే ఆ రోజుకి ఇక ప్రయాణం లేదు.

రెండు వేళ్ళే ఎందుకన్నదానికి ఒక కథ ఉంది. అది సుబైత్ చెప్పడు. అతని భార్య షమ్మా చెబుతుంది.

ఇరవై రెండేళ్ళ వయసులో అతను సర్వేవాళ్ళ బండి తోలేవాడు. ఒక వేలు సందు చాలులే అనుకున్నాడు. నడి ఇసుకలో టైరు నిలువునా చీలింది. మారు టైరు అంతకు ముందురోజే చీలిపోయి ఉంది. ఒకటిన్నర రోజు నడిచి, పెదాలు పగిలి, ఒక బావి దగ్గరికి చేరాడు. అక్కడ షమ్మా నీళ్ళు తోడుతోంది.

"డ్రైవరంటున్నావు, బండేదీ?" అని అడిగింది.

"వెనకాల వస్తోంది" అన్నాడు.

నలభై ఏళ్ళుగా ఆ ఒక్క మాట చెప్పి ఊరినంతా నవ్విస్తోంది షమ్మా. చివర్లో ఎప్పుడూ ఇంకో ముక్క కలుపుతుంది. "ఆ బండి ఇంకా వస్తూనే ఉంది. ఒక వేలు తక్కువై ఆయన నాకు దొరికాడు. ఎవరు నష్టపోయారో మీరే చెప్పండి."

సుబైత్ ఆ కథ నడిచినంతసేపూ టోపీ సర్దుకుంటాడు.

బుధవారం పొద్దున, సూర్యుడు గాఫ్ చెట్టు కొమ్మ దాటక ముందే, జువైనా బండి వచ్చి ఆగింది. జువైనా యాభై అయిదేళ్ళ మనిషి. హారిస్ తల్లి. భర్త పోయి ఏడేళ్ళు. ఇసుకలో తన గుడారం, తన ఒంటెలు, తన పికప్పు. తోలేది తనే. కొత్త టైర్లు మోకాలిని మించి ఉన్నాయి. మడ్‌గార్డు అంచులు వంకరటింకరగా కోసి ఉన్నాయి.

"ఏం కబుర్లు, హారిస్ అమ్మా?" అన్నాడు సుబైత్.

"కబుర్లేం లేవు. అంతా క్షేమం. నీ దగ్గర?"

"కబుర్లేం లేవు. నీ దగ్గర?"

"ఏం లేవు."

మర్యాద పూర్తయింది. ఆమె బండి దిగింది.

"మడ్‌గార్డులు కోసిందెవరు? ఎలుకలా?"

"నేనే. రేకు కత్తెరతో."

"కత్తెర బాగుంది. గొర్రెలకి వాడుకో."

"అన్నా, వెక్కిరించడానికి నాకు మరిది ఉన్నాడు. నువ్వు సందు చూడు. శుక్రవారం పొద్దున్నే మా సమ్హాని ఒంటెల పందేనికి తీసుకుపోవాలి. ఈసారి నేనే తీసుకుపోతాను."

ఆ చివరి మాట ఎందుకు నొక్కి చెప్పిందో సుబైత్‌కి తెలుసు. అక్కడ అందరికీ తెలుసు.

పందెం మైదానం ఇసుకకి అవతల, ముప్పై కిలోమీటర్లు. గేటు దగ్గర గుమాస్తా కూర్చుంటాడు. ఒంటెని బండి మీంచి దింపి, పగ్గం పట్టుకుని గేటు దాటించిన మనిషి పేరే అతను రాసుకుంటాడు. ఒంటె ఎవరిది, ఎవరు పెంచారు అని అడగడు. అడిగితే గొడవలు. ఏ ఒంటె మీదైనా ముగ్గురు అన్నదమ్ములకి హక్కుంటుంది. కనుక పగ్గం ఎవరి చేతిలో ఉంటే పేరు వాళ్ళది. లౌడ్‌స్పీకరులో చదివేది అదే.

సమ్హా పుట్టినప్పటి నుంచి దాన్ని పెంచింది జువైనానే. తల్లి చచ్చిపోతే మేకపాలు పట్టింది. తన గుడారంలో పడుకోబెట్టుకుంది. కానీ ఆమె పాత బండి సమ్హా బరువుతో ఇసుకలో కూరుకుపోయేది. అందుకని ఆరేళ్ళుగా మరిది మతర్ తన పెద్ద బండిలో తీసుకుపోతున్నాడు. దింపేది అతనే. లౌడ్‌స్పీకరు ఆరేళ్ళుగా, "సమ్హా, మతర్ బిన్ సాలిమ్ గారిది" అంటోంది. రెండుసార్లు గెలిచింది కూడా. గెలిచిన రోజుల్లో మతర్ నడక మారిపోయేది.

శుక్రవారం ఆ లౌడ్‌స్పీకరులో తన పేరు వినాలి. జువైనా టైర్లు కొన్నది అందుకు.

సుబైత్ పని మొదలుపెట్టాడు. ఒంటె బరువుకి సరిపడా ఇసుక సంచులు బండిలో వేయించాడు. ముద్దలు అంటించాడు. ఆమె తోలుతుంటే అతను చేతులు ఊపాడు. తూము, గొయ్యి, మళ్ళీ తిప్పి అటు నుంచి తూము, గొయ్యి. ముందు టైర్లు రెండు వేళ్ళ పైన. వెనక టైర్లు మూడు వేళ్ళు.

లేచి, వీపు దులుపుకుని, బానెట్ మీద రెండు దెబ్బలు వేశాడు.

"ఎలుకలు బాగానే కోశాయి" అన్నాడు.

జువైనా ముసుగు వెనక నవ్వింది. సరిగ్గా అప్పుడే మతర్ బండి వచ్చి ఆగింది. అతను దిగలేదు. కిటికీలోంచి మోచేయి బయటపెట్టి సంచుల వంక చూశాడు.

"వదినా, ఈ ఏడాది పందెం సంచులకా?"

"నీకేం పని ఇక్కడ?"

"దారే ఇటు."

"రోడ్డు ఇక్కడితో అయిపోతుంది. దారేమిటి?"

మతర్ ఆ మాట చెవిన వేసుకోలేదు. "సుబైత్ అన్నా, సంచులు బుద్ధిగా కూర్చుంటాయి. సమ్హా కూర్చుంటుందా? అడుగు వదినని."

సుబైత్ జువైనా వైపు చూశాడు. ఆమె నేల వైపు చూసింది.

"కూర్చుంటుంది" అంది. "కాకపోతే కాస్త ఎడమకి."

"కాస్త అంటే?"

"నేను తోలేది ఎడమ పక్కన కదా. నేను కనపడకపోతే అది ఊరుకోదు. మెడ వంచి, ఒళ్ళంతా ఇటు వాల్చి, కిటికీలోంచి నా మొహం చూస్తుంది. దారి పొడుగునా."

సుబైత్ కూర్చున్నాడు. గొయ్యి అంచున, కాళ్ళు లోపలికి వేలాడేసుకుని. ఒంటె జుట్టుతో నేసిన గుడారంలో పుట్టినవాడు. నడవడం రాక ముందు ఒంటె మీద నిద్రపోయినవాడు. ఒంటె సంచి కాదని మతర్ చెబితే గానీ గుర్తు రాలేదు. ఇన్నేళ్ళు బండి కింద పడుకుని పైనేముందో మర్చిపోయాడు.

లేచి వెళ్ళి, బానెట్ మీద తను కొట్టిన చోట అరచేత్తో తుడిచాడు.

"హారిస్ అమ్మా, చెప్పులు విప్పి కూర్చో" అన్నాడు.

వేసిన దెబ్బలు వెనక్కి తీసుకోవడం అతని బతుకులో అదే మొదటిసారి. మతర్ బండి హారన్ మోగించుకుంటూ వెళ్ళిపోయింది.

గురువారం పొద్దున సమ్హా వచ్చింది.

తేనె రంగు ఒంటె. పొడుగు మెడ. కనురెప్పల వెంట్రుకలు పెళ్ళికూతురికి కూడా ఉండవు. ముంగాళ్ళు మడిచి కట్టి, పికప్పు వెనక కూర్చోబెట్టి ఉంది. తల మాత్రం డ్రైవరు కిటికీలో ఉంది. బండి ఎడమకి ఒరిగి, ఎవరిదో రహస్యం వింటున్నట్టుంది.

చూడడానికి మతర్ కూడా వచ్చాడు. ఈసారి దారి ఇటేనని కూడా అనలేదు. చెట్టు కింద చాప వేసుకుని కూర్చున్నాడు.

సుబైత్ ఖర్జూరం ముద్దలు అంటించాడు. ముందు ఎడమ చక్రానికి నాలుగు. వెనక ఎడమ చక్రానికి నాలుగు. కుడి పక్కకి వెళ్ళాడు. వెనక్కి వచ్చేసరికి ముందు ఎడమ మడ్‌గార్డులో ఒక్క ముద్దా లేదు. సమ్హా నములుతోంది. అతన్ని చూస్తూనే నములుతోంది.

"అయ్యో, దానికి ఖర్జూరం అంటే ప్రాణం" అంది జువైనా.

"నాకు తెలియదా? తల అటు తిప్పి పట్టుకో."

ఆమె తల తిప్పి పట్టుకుంది. అతను మళ్ళీ అంటించాడు. ఆమె స్టీరింగు దగ్గరికి వెళ్ళాలి కదా, వదిలింది. వెంటనే ఆ మెడ పాములా కిందకి దిగింది. నాలుగు ముద్దలు, నాలుగు గుటకలు.

"అన్నా, అది నెగ్గినట్టేనా?" అన్నాడు మతర్ చెట్టు కింద నుంచి. "సందు బోలెడంత కనపడుతోంది."

సుబైత్ రొట్టె పిండి తెప్పించాడు. అదీ తినేసింది. షమ్మా గడప దగ్గర నిలబడి ఇదంతా చూస్తోంది. లోపలికి వెళ్ళి, మూత ఉన్న గిన్నె ఒకటి పట్టుకొచ్చింది.

"గోరింటాకు. మొన్న పెళ్ళికి కలిపింది మిగిలింది. ఇది ఒంటె తినదు, మేక తినదు. నువ్వు కూడా తినవు."

గోరింటాకులో కాస్త పిండి కలిపి గట్టి చేసి, రెండు వేళ్ళు దాటే మందంగా ముద్దలు పెట్టాడు. సమ్హా వాసన చూసింది. తుమ్మింది. సుబైత్ టోపీ నిండా తుంపరలు పడ్డాయి. ఆ తర్వాత అది తన పని తను చూసుకుంది. అంటే, కిటికీలో తల పెట్టి జువైనాని చూసింది.

బండి వెనక ఎడమ చక్రం తూము ఎక్కింది. బరువంతా అటే. కమాన్ పట్టీలు వంగి, వంగి, ఇక వంగలేనంత వంగాయి. లోపల మెత్తని చప్పుడొకటి వినపడింది. సుబైత్ కిందకి దూరాడు. చాలాసేపు బయటికి రాలేదు.

వచ్చాక వేళ్ళు చూపించాడు. చూపుడు వేలికి కూడా గోరింటాకు పూర్తిగా అంటలేదు. సగం వరకే.

"అర వేలు" అన్నాడు.

చెప్పులు విప్పమని కూడా అనలేదు అతను. జువైనా తనే విప్పుకుని కూర్చుంది.

"ఇంకా కోద్దామా?" అంది.

"ఇక కోస్తే బండి పెట్టె విడిపోతుంది."

"పైన రబ్బరు దిమ్మ లావుది వేస్తే? చక్రం అంత పైకి పోదు కదా?"

"పోదు. కానీ ప్రతి తిన్నె దగ్గరా బండి ఎగిరి పడుతుంది. మోకాళ్ళ మీద కూర్చున్న ఒంటె ముప్పై కిలోమీటర్లు అలా దెబ్బలు తింటే పందెంలో కుంటుతుంది. నువ్వు పేరు వింటావు. వెనకాల నవ్వులు కూడా వింటావు."

మతర్ గొంతు సవరించుకున్నాడు. "నా బండి ఉంది కదా, వదినా. ఎప్పటిలాగే. నేను కాదన్నానా?"

జువైనా చేతులు ఒళ్ళో ఉన్నాయి. మేకపాలు పట్టిన చేతులు. సుబైత్‌కి ఆ చేతుల వంక చూడడం కష్టమైంది. అతను తూము వంక చూశాడు. అర వేలు. అబద్ధం ఆడితే ఎవరికీ తెలియదు. ఒక్కసారికి టైరు చీలకపోనూవచ్చు. ఆ ఆలోచన వచ్చినందుకు తన వేళ్ళ మీద తనకే కోపం వచ్చింది.

షమ్మా గిన్నె మూత పెట్టింది.

"నాకు బండ్ల సంగతి తెలియదు" అంది. ఏదైనా బాగా తెలిసినప్పుడే ఆమె అలా మొదలుపెడుతుందని సుబైత్‌కి తెలుసు. "కానీ అది వంగేది ఈమెని చూడడానికి కదా. ఈమె దాని పక్కనే కూర్చుంటే, ఎటు వంగుతుంది?"

అందరూ సమ్హా వైపు తిరిగారు. సమ్హా అందరినీ చూసింది.

పికప్పు వెనక, క్యాబిన్ గోడకీ ఒంటె ఛాతీకీ మధ్య, ఒక మనిషి పట్టేంత చోటుంది. జువైనా ఎక్కి, మడిచిన కంబళి మీద నడిమధ్యన కూర్చుంది. సమ్హా కిటికీలోంచి తల తీసింది. తెచ్చి ఆమె భుజం మీద గడ్డం ఆనించింది. కళ్ళు సగం మూసింది. ఒరిగిన బండి మెల్లగా లేచి నిటారుగా నిలబడింది.

"ఇప్పుడు తోలేదెవరు?" అన్నాడు మతర్ నవ్వుతూ.

సుబైత్‌ని ఎడమ మోకాలి నొప్పి క్లచ్చి తొక్కనివ్వదు. షమ్మాకి తోలడం రాదు. సుబైత్ నలిగిన ముద్దలు తీసి కొత్తవి అంటించి, మతర్‌నే చూశాడు.

"రెండే రెండు అడుగులు. తూము ఎక్కించు చాలు. ఇసుకలో నీ చెయ్యి ఎంత మెత్తనో చూద్దాం."

తన చేతి గురించి ఎవరైనా మాట్లాడితే మతర్ ఆగలేడు. ఎక్కాడు. తూము మీదకి బండిని పాలగిన్నె మోసినట్టు ఎక్కించాడు. దించాడు. తిప్పి, మళ్ళీ ఎక్కించాడు. సమ్హా కళ్ళు కూడా తెరవలేదు.

సుబైత్ కిందకి దూరి, వేళ్ళు పెట్టాడు. రెండు వేళ్ళు. పైన ఇంకో గోరంత. ఇంకోసారి పెట్టి చూశాడు. తప్పు లేదు.

బయటికి వచ్చాడు. బానెట్ మీద మాత్రం కొట్టలేదు. "బండి సరే" అన్నాడు. "డ్రైవరు కావాలి."

అప్పుడు అర్థమైంది మతర్‌కి. తాళం చెవి బండిలోనే వదిలి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా తన బండి ఎక్కాడు.

"నాకు రేపు పనుంది" అన్నాడు.

"ఏం పని?" అంది జువైనా పైనుంచి.

"ఏదో ఒకటి ఉంటుంది!"

ఇసుక మీద చెయ్యి తిరిగిన మగాళ్ళందరికీ రేపు ఎవరి ఒంటెలు వాళ్ళకున్నాయి. హారిస్ ఎక్కడో దూరాన సలాలాలో సైన్యం ఉద్యోగంలో ఉన్నాడు. మతర్‌కి ఉన్న ఒక్క ఒంటె చూలుతో ఉంది. ఈ ఏడాది అతనికి పందెం అంటే సమ్హానే.

మధ్యాహ్నం ప్రార్థన అయ్యాక జువైనా, సుబైత్ మతర్ గుడారానికి వెళ్ళారు. పక్క గుడారం ముసలాళ్ళు ఇద్దరు అప్పటికే అక్కడ కూర్చుని ఉన్నారు. జువైనాకి అదీ కలిసొచ్చింది.

"ఏం కబుర్లు?"

"కబుర్లేం లేవు."

"మీ దగ్గర?"

"ఏం లేవు."

మతర్ ఖర్జూరాల పళ్ళెం ముందుకు జరిపాడు. యాలకులు వేసిన కాఫీ గిన్నెల్లో పోసి, ముందు వదినకి ఇచ్చాడు. ఆమె అందుకుంది. తాగలేదు. తెచ్చి చాప మీద తన ముందు పెట్టింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

ముసలాళ్ళు మాటలు ఆపేశారు. అతిథి గిన్నె కింద పెడితే ఏదో అడగబోతోందని అర్థం. ఇస్తానని మాట వచ్చేదాకా ముట్టదు. ముట్టకుండా అతిథి లేచి వెళ్ళిందంటే ఆ గుడారం గురించి పదేళ్ళు చెప్పుకుంటారు.

"తాగు వదినా" అన్నాడు మతర్. గొంతులో జీవం లేదు.

"తాగుతాను. తొందరేముంది?"

సుబైత్ కూడా తన గిన్నె కింద పెట్టాడు.

"నువ్వెందుకు పెట్టావు?"

"కాలుతోంది."

మతర్ ముసలాళ్ళ వైపు చూశాడు. వాళ్ళు చాపలోని ఈనెలు లెక్కపెడుతున్నారు.

"వదినా, నేను తోలితే ఊళ్ళో ఏమంటారు? మతర్‌ని వదిన డ్రైవరుగా పెట్టుకుందంటారు."

"అంటారు."

"ఆరేళ్ళు నేను మోశాను దాన్ని. గెలిచినప్పుడు బహుమతి గొర్రెల్లో సగం నీకు పంపలేదా? నీ ఒంటెలకి గడ్డి నేను తేలేదా?"

"తెచ్చావు. నీ అన్న పోయాక నువ్వు చేసినంత ఎవరూ చెయ్యలేదు. అదీ అందరి ముందూ చెబుతాను." ఆమె గిన్నె వంక చూసింది. "కానీ మతర్, ప్రతి ఏడాదీ నేను గుడారంలో రేడియో పెట్టుకుని కూర్చుంటాను. సమ్హా పేరు వస్తుంది. పక్కన నీ పేరు వస్తుంది. నేను రేడియోకి 'కాదు' అని చెబుతాను. రేడియో వినదు."

ఆ సంగతి ఎవరికీ తెలియదు. సుబైత్‌కి కూడా. మతర్ తన అరచేతులు చూసుకున్నాడు.

"నాకు ఆ లౌడ్‌స్పీకరు ఇష్టం" అన్నాడు చిన్నగా.

"ఎవరికి ఉండదు?" అంది జువైనా.

తెర వెనక నుంచి అతని భార్య గొంతు వినపడింది. "అవునో కాదో త్వరగా తేల్చండి. చల్లారితే మళ్ళీ కాచాల్సింది నేను."

మతర్ నవ్వబోయి ఆపుకున్నాడు. ఆపుకోబోయి నవ్వాడు.

"తాగు" అన్నాడు. ఈసారి గొంతులో మాట ఉంది.

ఆమె ముసుగు కాస్త ఎత్తి, మూడు గుక్కల్లో తాగేసి, ఇక చాలన్నట్టు గిన్నె ఊపి తిరిగి ఇచ్చింది.

"సుబైత్ అన్నా, నీది చల్లారింది కదా, ఇక తాగు" అన్నాడు మతర్. "రేపు నువ్వూ రావాలి. టైరు చీలితే నా పేరు పోకూడదు. నీ పేరే పోవాలి."

శుక్రవారం తెల్లవారగానే బయల్దేరారు. మతర్ స్టీరింగు దగ్గర. పక్కన సుబైత్, తల కిటికీ బయట, చెవి వెనక చక్రాల మీద. వెనక జువైనా, ఆమె భుజం మీద సమ్హా. సమ్హా మెడకి ఎర్ర కుచ్చుల పట్టీ.

"ఏమైనా వినపడుతోందా?" అని మతర్ మొదటి తిన్నె దాటగానే అడిగాడు.

"నువ్వు మాట్లాడడం వినపడుతోంది."

మూడో తిన్నె శిఖరం మీద సర్రుమని చప్పుడొచ్చింది. "ఆపు!" అన్నాడు సుబైత్. బండి ఆగకముందే దిగాడు. ఎడమ చక్రం చూశాడు. ఇసుకలో పడుకుని లోపల చెయ్యి పెట్టాడు. ఎండ ఇంకా రాలేదు, అయినా చెమట పట్టింది. ఏమీ లేదు. కుడి చక్రం. ఏమీ లేదు.

"అన్నా" అంది జువైనా పైనుంచి. "కుచ్చులు రేకుకి రాసుకున్నాయి. తీసేశాను."

సుబైత్ ఇసుకలో అలాగే కాసేపు పడుకున్నాడు. లేచి వచ్చి కూర్చున్నాక మతర్ అన్నాడు, "ఇంటికెళ్ళి షమ్మా వదినకి నేను చెప్పనులే."

"చెబుతావు."

"చెబుతాను."

మైదానం చేరేసరికి ఎండ పడింది. గేటు ముందు బండ్లు, ఒంటెలు, దుమ్ము. ఇసుక గట్టుకి వెనక భాగం ఆనించి మతర్ బండి నిలిపాడు. ఇంజను ఆపి, దిగి, అలవాటు కొద్దీ వెనక్కి నడిచాడు. పగ్గం వైపు చెయ్యి చాచాడు. మధ్యలో చెయ్యి ఆగింది. ఆ చెయ్యిని ఏం చెయ్యాలో తెలియక, తలపాగా సవరించుకున్నాడు.

జువైనా ముంగాళ్ళ కట్లు విప్పింది. సమ్హా మొదట వెనక కాళ్ళ మీద, తర్వాత ముందు కాళ్ళ మీద లేచింది. గట్టు మీదకి దిగింది. కుంటలేదు. పగ్గం పట్టుకుని జువైనా గేటు దాటింది. సుబైత్ రెండు అడుగుల వెనక నిలబడ్డాడు.

గుమాస్తా తల ఎత్తకుండానే రాయడం మొదలుపెట్టాడు. "సమ్హా. మతర్ బిన్..."

"కొట్టెయ్యి" అంది ఆమె.

అతను తల ఎత్తాడు. పగ్గం చూశాడు. పగ్గం వెంట చెయ్యి చూశాడు. "మతర్ గారి వదినగారా? అలా రాయనా?"

"జువైనా బింత్ సైఫ్. సైఫ్ కూతుర్ని. అంతే రాయి."

రాశాడు. కాసేపటికి లౌడ్‌స్పీకరు గరగరమంది. వరసగా పేర్లు. సుబైత్ మోకాలు నొప్పి మర్చిపోయి నిలబడ్డాడు. సమ్హా, జువైనా బింత్ సైఫ్ గారిది. ఆ వెంటనే ఇంకో పేరు, ఇంకో ఒంటె. రెండు క్షణాలు కూడా పట్టలేదు.

పక్కన నిలబడ్డ గడ్డం మనిషి ఒకడు మతర్ భుజం తట్టాడు. "ఏమయ్యా, ఈ ఏడాది నువ్వు లేవా?"

"ఉన్నాను" అన్నాడు మతర్. "ముప్పై కిలోమీటర్లు తోలాను. సమ్హా మోకాలు చూడు, కందిందేమో."

జువైనా కదలలేదు. పగ్గం చేతిలో పట్టుకుని లౌడ్‌స్పీకరునే చూస్తోంది. తర్వాత వెనక్కి తిరిగి, తిన్నగా గుమాస్తా బల్ల దగ్గరికి నడిచింది. సమ్హా కూడా నడిచింది. బల్ల మీదకి మెడ చాచి అతని కాగితాలు వాసన చూసింది.

"ఇంకోసారి చదవమను" అంది జువైనా.

"అమ్మా, ఒక్కసారే చదువుతాం."

"ఒక ఒంటె గురక పెట్టింది. సరిగ్గా వినపడలేదు."

"నాకు వినపడింది."

"నీకు వినపడితే నాకేం లాభం?"

గుమాస్తా సుబైత్ వైపు చూశాడు, సాయం చేస్తాడేమోనని. సుబైత్ అన్నాడు, "బాబూ, నాకూ వినపడలేదు." మతర్ వెనక నుంచి వచ్చాడు. తలపాగా సరిగ్గా లేదు. "నాకూ" అన్నాడు.

గుమాస్తా కాగితం తీసుకుని లేచి, మైకు దగ్గరికి వెళ్ళాడు.